కుంగిన తొమ్మిది మిల్లీమీటర్లు

పదకొండో వారం

కొండ మీది పాత రేడియో డిష్ తొమ్మిది మిల్లీమీటర్లు కుంగిందని రెండు బృందాలు అంటున్నాయి. అదేం లేదని మూడు బృందాలు అంటున్నాయి. అయిదుగురి మాటా విని, తూచి, ఒక్క మాటగా చెప్పాల్సిన మనిషి ఆమె. ఆఫీసులో ఆమెను తక్కెడమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె కూడా ఏమీ అనుకోదు. అనుకోవలసిన చిక్కు వేరే ఉంది. ఆ డిష్‌ను నడిపే ఇంజనీరు ఆమె భర్త. కుంగిందని చెబుతున్న అయిదో బృందానికి పెద్ద, ఆయన సొంత అక్క.

కిందటి వారం తక్కెడమ్మ, కుంగిందంటున్న మూడో బృందం డిష్ ఎత్తుకు గీసిన గీతను, అయిదో బృందం గీతను రెండు కాగితాల మీద అచ్చు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి చూసింది. రెండు గీతలు కనిపించలేదు. ఒక్కటే కనిపించింది.

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆ రెండు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకుని, పై అధికారి పెద్దాయనకు చెప్పకుండా ఆఫీసు మెట్లు దిగింది. తూచే మనిషి సంతకం పెట్టేదాకా ఏ బృందం గడపా తొక్కకూడదు. అది ఆఫీసు నియమం. పదకొండేళ్ళలో ఆమె దాన్ని ఒక్కసారి కూడా దాటలేదు.

సాయంత్రం నాలుగింటికి సంతకం పెట్టాలి. రేపు సంఘం కూర్చుంటుంది. కుంగిందని తేలితే డిష్‌ను కొలత డిష్‌ల వరసలోంచి తీసేస్తారు, కొండ మీద తాళం పడుతుంది, భర్త ఉద్యోగం ఆ తాళంతోనే పోతుంది.

"రెండు వేరు వేరు చేతులు ఒకే మాట చెబుతున్నాయమ్మా. ఇంకా ఎందుకు ఆపుతున్నావ్?" అని పొద్దున పెద్దాయన అడిగాడు. అడిగి, కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో ఉన్న మాట ఆమెకు అర్థమైంది. మీ ఆయన డిష్ కాబట్టే కదా.

రెండు వేరు వేరు చేతులు. అక్కడే ఉంది ఆమె అనుమానమంతా.

వదిన పనిచేసే సంస్థ బస్సులో నాలుగు స్టాపుల దూరం. రెండో అంతస్తులో చివరి గది. గుమ్మంలో నిలబడేసరికి వదిన పెన్సిలు చెక్కుతోంది. బల్ల మీద అప్పటికే అయిదు పెన్సిళ్ళు ఒకే పొడవున, ములుకులన్నీ ఒకే వైపున ఉన్నాయి. ఆవిడ కింద పనిచేసేవాళ్ళు ఆవిడకు పెట్టిన పేరు మూడో దశాంశం. ఏ అంకె తెచ్చినా చుక్క తర్వాత మూడో స్థానం దాకా నిలదీస్తుందని.

"రా మరదలా," అంది వదిన తలెత్తకుండా. "నీ అడుగుల చప్పుడు మెట్ల దగ్గరే పోల్చుకున్నా. పిల్ల బాగుందా?"

"బాగుంది వదినా. మీరు పుట్టినరోజుకు రాలేదని అలిగింది."

"వస్తే మీ ఆయన మొహం చూడాలి కదా. కూర్చో. మా గడప తొక్కకూడదనుకుంటా నువ్వు, నాలుగింటిదాకా?"

"తొక్కకూడదు."

"మరి తొక్కావంటే ఏదో ముంచుకొచ్చింది." వదిన పెన్సిలు బల్ల మీద పెట్టింది. ఆరోది కూడా మిగతా అయిదింటి పక్కన గీత గీసినట్టు సర్దుకుంది. "చెప్పు."

తక్కెడమ్మ సంచిలోంచి కాగితాలు తీసింది. ఒకదాని మీద ఒకటి పెట్టి, లేచి వెళ్ళి కిటికీ అద్దానికి ఆనించింది. బయటి వెలుతురు కాగితాల్లోంచి వచ్చింది. గీత ఒక్కటే. ఆరు వారాలు, ఆరు మెలికలు, ప్రతి మెలికా రెండోదాని మీద వేలిముద్రలా కూర్చుంది.

వదిన కుర్చీలోంచి లేవలేదు. "అందులో ఏముంది? మేము లెక్క బాగా చేశాం, మూడోవాళ్ళూ బాగా చేశారు. బాగా చేసిన రెండు లెక్కలు కలుస్తాయి."

"కలుస్తాయి వదినా. ఇంతగా కలవవు." తక్కెడమ్మ కాగితాలు దించింది. "ఒకే కూర అయిదుగురు రుచి చూశారనుకోండి. ఉప్పు సరిపోయిందని అయిదుగురూ అనొచ్చు. ఇద్దరు మాత్రం లేచి, మూడో ముద్దలో ఎడమవైపు ఒక రాయి తగిలిందని చెబితే? ఆ ఇద్దరూ వేరు వేరుగా తిన్నారంటారా?"

వదిన మొహంలో నవ్వు పోయింది.

పని ఇంతే, చెప్పుకుంటే. భూమి మీద అక్కడో డిష్, ఇక్కడో డిష్ పెట్టి, అంతులేని దూరంలో రేడియో తరంగాలు వెదజల్లే ఒక చుక్క వైపు అన్నిటినీ ఒకేసారి తిప్పుతారు. తరంగం ఒక డిష్‌కు ముందు చేరుతుంది, ఇంకోదానికి కాస్త వెనకగా చేరుతుంది. ఆ కాస్తలోంచి డిష్‌ల మధ్య దూరం బయటికి తీస్తారు. ప్రతి గురువారం రోజంతా తీసిన కొలతలను అయిదు బృందాలూ తీసుకుని ఎవరి లెక్క వాళ్ళే చేస్తారు. ఒకరు పొరపడితే ఇంకొకరు పట్టుకుంటారని అయిదుగురు. ఇద్దరు ఒకరి పలకలో ఒకరు చూసి రాస్తే వాళ్ళు ఇద్దరు కారు, ఒక్కరే. ఒక్కరి మాటకు రెండు రాళ్ళ బరువు పడుతుంది. తక్కెడ ఒరుగుతుంది.

"నేను వాళ్ళ పలకలో చూశానంటున్నావ్," అంది వదిన, చాలా నెమ్మదిగా.

"ఎవరు ఎవరి పలకలో చూశారో నాకు తెలీదు."

"మొహమాటపడకు. మొగుడి డిష్‌ను కాపాడుకోవాలి, దానికి ఆడపడుచును దొంగను చేయాలి. అంతేగా? సూటిగా అను, నేను మెచ్చుకుంటా. ఈ రెండు కాగితాల నాటకమే నచ్చలేదు."

తక్కెడమ్మ కాగితాలు బల్ల మీద పెట్టింది. "ఆయన డిష్ కాబట్టే ఆరు వారాలు నోరు మూసుకున్నాను వదినా. ఇంకే డిష్ అయినా రెండో వారమే అడిగేదాన్ని."

ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు. వదిన కిటికీ వైపు చూసింది. కింద ఎవరో సైకిలు గంట అదేపనిగా మోగిస్తున్నారు.

"గాలి లెక్క చూశావా?" అంది చివరికి.

"చూశాను. అందుకే వచ్చాను. మీ ఇద్దరి గాలి లెక్కా ఒక్కటే. మిగతా ముగ్గురిదీ వేరు."

గాలి లెక్క అంటే, పైనుంచి వచ్చే తరంగం భూమి మీది గాలిలోంచి దూరి రావాలి. గాలి దాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. గాలి బరువెంతో తెలిస్తే ఆ ఆలస్యాన్ని తీసేయొచ్చు. ఆ బరువు చెప్పేది డిష్ పక్కనుండే బారోమీటర్. అక్కడ తప్పుడు అంకె పడితే లెక్క చెడిపోతుంది. ఉన్నదానికన్నా ఎక్కువ బరువు వేస్తే, కదలని డిష్ కూడా కిందికి కుంగినట్టు కనిపిస్తుంది.

"కొండ మీది బారోమీటర్ చెడిపోయి ఆరు వారాలైంది, తెలుసుగా," అంది వదిన. "కంప్యూటర్‌కు కలిపి ఉండేది, అదే పోయింది. ఆ ముగ్గురూ వాతావరణశాఖ లెక్కల్లోంచి అంకె తీసుకున్నారు. వాళ్ళకు అది చాలు. నాకు చాలదు. మూడోవాళ్ళకూ చాలదు. అక్కడ నిలబడి చూసిన అంకె కావాలని ఇద్దరం స్టేషన్‌కు రాశాం."

"స్టేషన్‌కా?"

"స్టేషన్‌కే. గోడ మీద పాత ముల్లు బారోమీటర్ ఉంది కదా, మీ ఆయన రోజూ తుడుచుకుంటాడే, అందులో చూసి పంపమన్నాం. ప్రతి గురువారం పంపుతున్నారు. మా ఇద్దరికీ ఒకే ఉత్తరం, ఒకే అంకెలు. ఎవరి పలకలో ఎవరూ చూడలేదు మరదలా. ఇద్దరం పైనున్న ఒకే బోర్డు చూసి రాసుకున్నాం."

తక్కెడమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఇన్ని వారాలుగా ఛాతీలో మోస్తున్న రాయి ఒకటి దిగింది. వదిన దొంగ కాదు. దిగిన చోటే ఇంకోటి వచ్చి కూర్చుంది. స్టేషన్ అంటే ఆయన. అంకెలు పంపింది ఆయనైతే ఒక్క మాట తనతో ఎందుకు చెప్పలేదు?

"ఆ ఉత్తరాలు ఒకసారి చూపిస్తారా?"

"చూడు. దాచుకోవడానికి ప్రేమలేఖలా?" వదిన కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది.

ఆరు ఉత్తరాలు. ఆరు గురువారాలు. ప్రతిదాంట్లో మూడు గంటలకొక అంకె. తక్కెడమ్మ మొదటి ఉత్తరం చదివింది, రెండోది చదివింది. మూడోదానికి వచ్చేసరికి చదవడం ఆపి అంకెలు మాత్రం చూసింది. వెయ్యి పదమూడు. వెయ్యి పదకొండు. వెయ్యి పన్నెండు. వెయ్యి తొమ్మిది.

"వదినా," అంది. "ఈ అంకెలు మీరు చూశారా?"

"మా దగ్గర పనిచేసే అమ్మాయి లెక్కలోకి ఎక్కించింది. నేను సంతకం పెట్టాను."

"చూశారా అని అడుగుతున్నా."

వదిన కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది. మూడో దశాంశం కోసం మనుషులను ఏడిపించే ఆవిడ, మొదటి అంకె దగ్గరే ఆగిపోయింది.

"ఇది కొండ అంకె కాదు," అంది.

"కాదు."

ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది, బారోమీటర్ ముల్లు తగ్గుతుంది. ఆ కొండ మీద అది తొమ్మిది వందల నలభై దాటి ఓ నాలుగైదు అటూ ఇటూ ఆడుతుంది, అంతే. తక్కెడమ్మకు ఆ సంగతి పుస్తకం చూసి తెలిసింది కాదు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన డ్యూటీలో ఉన్న ప్రతి సాయంత్రం ఫోన్ చేసి మొదట చెప్పే మాట అదే. "ఇవాళ కొండ తొమ్మిది వందల నలభై ఆరు. రేపు గొడుగక్కర్లేదు." పిల్లకు మాటలు రాగానే అప్పజెప్పిన మొదటి పెద్ద అంకె అదే.

వెయ్యి పన్నెండు అనేది టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళ అంకె. ఫోన్‌లో కనిపించే అంకె. ఏ ఊరైనా సముద్రం పక్కనే ఉందనుకుని, ఎత్తు లెక్క తీసేసి చెప్పే అంకె. అది కొండ లెక్కలో వేస్తే డిష్ కుంగదా మరి? శుభ్రంగా తొమ్మిది మిల్లీమీటర్లు కుంగుతుంది.

"గోడ మీద ముల్లు చూసినవాళ్ళు ఎవరూ ఇది రాయరు," అంది తక్కెడమ్మ. "ఎవరో ఫోన్ చూసి రాశారు."

"ఎవరో ఏమిటి? కింద వాడి పేరుంది."

"ఆయన రాస్తారా ఇలా? ఇరవై ఏళ్ళు ఆ ముల్లు చూసిన మనిషి?"

వదిన మొదటి ఉత్తరం మళ్ళీ తెరిచి, పై వరుస మీద వేలు పెట్టింది. 'గౌరవనీయులైన మేడమ్ గారికి.' వేలు కిందికి జరిగింది. 'ఇట్లు, మీ విధేయుడు.'

"వాడు పుట్టి బుద్ధెరిగాక నన్ను అక్కా అనే పిలిచాడు," అంది. "ఆఫీసు కాగితం మీద కూడా పైన 'అక్కా' అని రాసి, తర్వాత నాలుక్కరుచుకుని కొట్టేసేవాడు. ఇది చూసి నవ్వుకున్నా. కోపం వచ్చింది కాబోలు, మేడమ్ అంటున్నాడు అనుకున్నా."

"కోపం ఎందుకు?"

"నీకు చెప్పలేదా?" వదిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఈసారి సర్దలేదు. "ఏడు వారాల కిందట ఫోన్‌లో అన్నాను. ఆ డిష్ ముసలిదైపోయింది, ఇవాళో రేపో మూసేస్తారు, ఇప్పుడే వేరే చోటు చూసుకో అని. వాడు మధ్యలో పెట్టేశాడు. మళ్ళీ నేను చేయలేదు, వాడూ చేయలేదు. మామూలు రోజుల్లో అయితే ఈ అంకె చూడగానే, ఏరా కొండ దిగి సముద్రంలో కూర్చున్నావా అని ఫోన్ చేసేదాన్ని. పంతం పట్టాను. వాడి అంకెలకేసి చూడకుండా సంతకం పెట్టాను. వాడి చేతి అంకె తప్పు పోదని ఒక ధీమా, వాడితో మాట్లాడనని ఒక పంతం. రెండూ కలిసి..."

ఒక్కసారిగా ఆవిడ వయసు కనిపించింది.

"మా లెక్క వెనక్కి తీసుకుంటున్నానని ఇప్పుడే రాసిస్తా," అంది.

"కారణం రాయాలి వదినా. మీరు రాసినా, నేను రాసినా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కారణం రాస్తే డిష్ బతుకుతుంది. కానీ చూడని అంకెను చూశానని ఆరు వారాలు పంపిన ఇంజనీరును ఏ స్టేషన్ ఉంచుకుంటుంది? కారణం రాయకపోతే డిష్ పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది. ఎటు తిరిగినా ఆయనే.

"ముందు వాడిని అడుగు," అంది వదిన. "నేను అడిగితే పెట్టేస్తాడు. నువ్వు అడుగు. మెత్తగా అడుగు."

తక్కెడమ్మ బస్సులో కూర్చుని వేళ్ళు మడుస్తూ వారాలు లెక్కపెట్టుకుంది. ఆరు గురువారాలు. ప్రతి గురువారం పొద్దున్నే ఆయన రెండు పూటలకు డబ్బాలు కట్టించుకుని, ఉన్ని టోపీ జేబులో పెట్టుకుని, కొండకని బయల్దేరాడు. శుక్రవారం మధ్యాహ్నం తిరిగొచ్చాడు. డబ్బాలు ఖాళీగానే వచ్చాయి. సాయంత్రాలు ఫోన్ కూడా చేశాడు. పిల్లతో మాట్లాడాడు, గ్యాస్ కట్టేశావా అని అడిగాడు. కొండ అంకె మాత్రం చెప్పలేదు. ఆరు వారాలుగా ఒక్కసారి కూడా చెప్పలేదు. మరిచిపోయాడనుకుంది. ఇరవై ఏళ్ళ అలవాటును మనిషి ఊరికే మరిచిపోతాడా అని ఆమెకు తట్టనే లేదు. అయిదు బృందాల మెలికలు పట్టుకునే కళ్ళు సొంత ఇంట్లో ఏం చూశాయి?

ఇవాళ ఏడో గురువారం.

ఆఫీసుకు చేరేసరికి మూడు దాటింది. పెద్దాయన గది తలుపు ఓరగా వేసి ఉంది. తన బల్ల దగ్గర కూర్చుని, సంతకం పెట్టాల్సిన పత్రం తెర మీద తెరిచి, భర్తకు ఫోన్ చేసింది. అయిదుసార్లు మోగాక ఎత్తాడు.

"ఏంటి ఈ టైంలో? పిల్లకేమైనా అయిందా?"

"ఏం లేదండీ. పిల్ల బడిలో ఉంది. మీరెక్కడ?"

"ఎక్కడేమిటి? కొండ మీద. పొద్దున నువ్వేగా డబ్బా కట్టావు."

"తిన్నారా?"

"తిన్నా."

"చలిగా ఉందా పైన?"

"మామూలే."

ఆమె కళ్ళు మూసుకుంది. మెత్తగా అడగమంది వదిన. "ఇవాళ కొండ ఎంతండీ? చెప్పి చాలా రోజులైంది."

"తొమ్మిది వందల నలభై నాలుగు."

ఒక్క క్షణం కూడా పట్టలేదు. గోడ దాకా నడవడానికి పది అడుగులు, అద్దం తుడిచి ముల్లు చూడడానికి ఇంకాస్త. ఆయన కదలనే లేదు. అయినా అంకె సరిగ్గా కొండ అంకె. ఆయనకు తెలుసు. ఏ అంకె చెబితే భార్య నమ్ముతుందో బాగా తెలుసు. అలాంటి మనిషి అక్కకు వెయ్యి పన్నెండు అని రాయడు. ఆ ఉత్తరాలు రాసింది ఆయన కాదు. కొండ సంగతి తెలియని చేయి ఏదో ఆయన పేరు కింద రాసింది.

"గోడ మీదిది చూసే చెబుతున్నారా?" అంది.

"నా కళ్ళతో. ఎదురుగానే ఉన్నా. ఎందుకలా అడుగుతున్నావ్?"

అప్పుడు వినిపించింది. ఆయన గొంతు వెనక సన్నగా ఒక గంట, ఆ వెంటనే లిఫ్టుల్లో వినిపించే ఒక ఆడగొంతు, మనిషిది కాదు, యంత్రానిది. "నాలుగో అంతస్తు. తలుపులు తెరుచుకుంటున్నాయి."

ఫోన్ తెగిపోయింది. ఆయనే పెట్టేశాడు.

కొండ మీద ఉన్నదల్లా ఒక డిష్, దాని కింద ఒక గది. నాలుగో అంతస్తూ లేదు, రెండోదీ లేదు.

తక్కెడమ్మ ఫోన్‌ను బల్ల మీద బోర్లించింది. తెర మీద పత్రంలో మూడో బృందం పక్కన, అయిదో బృందం పక్కన 'తొలగించడమైనది' అని పెట్టింది. కింద ఖాళీ గడి ఉంది. 'కారణం.' పదకొండేళ్ళుగా ఆ గడిలో ఆమె తెలిసినదే రాసింది. సగం తెలిసినది రాయలేదు, తెలిసి దాచలేదు. ఆయన పేరు రాయబోయింది. వేళ్ళు ఆగాయి. ఆయన ఏం చేశాడో తనకు తెలియదు. ఆరు వారాలుగా చెప్పని కొండ అంకె, ఆయన రాయని ఆరు ఉత్తరాలు, ఇవాళ్టి లిఫ్టు గంట కలిపి తెలిసినది ఒక్కటే.

'పంపిన పీడనపు అంకెలు స్టేషన్‌లో చూసినవి కావు. ఆ ఆరు రోజులూ స్టేషన్ ఇంజనీరు కొండ మీద లేరు.'

రాసి, చదువుకుని, సంతకం పెట్టింది. మూడు గంటల యాభై నిమిషాలు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. పెద్దాయన ఎప్పుడొచ్చాడో, ఆమె భుజం మీదుగా తెర వైపు చూస్తున్నాడు. పెదవులు కదుపుతూ ఆ రెండు వాక్యాలూ చదివాడు. మళ్ళీ చదివాడు. పొద్దుటి చూపు పోయి, ఇంకో చూపు వచ్చింది.

"మీ ఆయన కొండ మీద లేడా?"

"లేరండీ."

"మరి ఆరు వారాలూ కొలతలు వచ్చాయి కదమ్మా. ఒక్క చుక్క తప్పిపోలేదు, ఒక్క నిమిషం ఆగలేదు. ఇవాళ పొద్దుటి నుంచి కూడా వస్తున్నాయి. ఇప్పుడూ వస్తున్నాయి." పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "ఆ డిష్‌ను తిప్పుతున్నదెవరు?"